చేయి జారలేదు

ఆసుపత్రిలో ఆమెను అందరూ బొమ్మలక్క అంటారు. మొదట్లో ఎగతాళికే అన్నారు. కింది అంతస్తులో విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గదిని ఖాళీ చేసి ఆమెకిచ్చినప్పుడు, ఇంత చదువూ చదివి బొమ్మలు చేసుకుంటుందట అని స్కాన్ విభాగంవాళ్ళు మూతి తిప్పారు. ఆమె మరునాడే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "బొమ్మలక్క గది. తలుపు కొట్టి రండి" అని రాసి తలుపుకు అంటించింది. దాంతో నవ్వేవాళ్ళకు నవ్వడానికి ఏమీ మిగల్లేదు. పన్నెండేళ్ళయింది. కాగితం మూడుసార్లు మారింది, పేరు మారలేదు.

ఆమె చేసే పని గురించి చెబితే సగం మంది మీట నొక్కితే వచ్చేస్తుందనుకుంటారు. నొక్కి చూడండి, ఏమొస్తుందో. స్కాన్ యంత్రం మనిషి తలను రొట్టె ముక్కల్లా కోసినట్టు చూపిస్తుంది. ఒక్కో తలకు మూడు వందల పైచిలుకు చిత్రాలు. తెల్లనిది ఎముక, బూడిద రంగుది కండ, నల్లనిది గాలి. ఎముకను కంప్యూటర్ తనంతట తానే ఏరుతుంది కానీ, పల్చటి చోట తడబడుతుంది. కంటిగుంత అడుగున ఎముక ఉల్లిపొర కంటే కాస్త మందం, అంతే. అక్కడ ఎముక ఉన్నా కన్నం చూపిస్తుంది. పళ్ళలో లోహం నింపించుకున్నవాళ్ళకు లేని ముళ్ళు మొలిపిస్తుంది. బొమ్మలక్క ఒక్కో చిత్రం తెరిచి, ఉన్నదాన్ని నింపి, లేనిదాన్ని చెరిపి, అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. అప్పుడు గది మూలనున్న యంత్రం కరిగిన ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పోస్తూ ఆ మనిషి ఎముకనే అచ్చం తయారుచేస్తుంది. శస్త్రచికిత్స చేసే డాక్టర్లు విరిగిన ఎముకను నిలబెట్టే లోహపు రేకును ఆ బొమ్మ మీద పెట్టి ముందే వంచుకుంటారు. మనిషి బల్ల మీద స్పృహ లేకుండా పడుకున్నాక కొలతలు వెతుక్కోనక్కర్లేదు.

ఈ పని ఆమెకు కాలేజీ నేర్పలేదు, అమ్మ నేర్పింది. అమ్మ దర్జీ. ముందు గదిలో కుట్టు మిషను, మెడలో కొలత టేపు, నోట్లో గుండుసూదులు. ఆ సూదులు తీయకుండానే కూతుర్ని తిట్టగలిగేది. పరిచిన గుడ్డ ముక్కల్లోంచి మనిషి ఆకారం లేవడం బొమ్మలక్క ఆ గది నేల మీద కూర్చునే చూసింది. అమ్మకు ఒక పట్టుదల ఉండేది. ఎవరొచ్చినా రెండు భుజాలూ కొలిచేది. ఒకటి కొలిచి రెండోది అంతే అనుకునే మిగతా దర్జీలను మనుషుల్లో లెక్కవేసేది కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి, నా భుజం వంకరని చెబుతున్నావా అని గదమాయించాడు. అమ్మ సూదులు తీసి డబ్బాలో వేసి, "వంకరని ఎవరన్నారండీ? అది మీ భుజం. దానికి సరిపోయే చొక్కా కుట్టడం నా పని" అంది. ఆయన రెండో చెయ్యి చాచాడు.

కూతురికి ఆ మాట వంటబట్టింది కానీ, ఆ ధైర్యం అంత తొందరగా రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక బడి టీచరమ్మ దవడ బొమ్మ చేస్తున్నప్పుడు ఒక చిత్రంలో సన్నటి గీత కనబడింది. పగులా, నీడా తేలలేదు. అడుగుదామని పైకి వెళ్ళింది. అక్కడి హడావుడి చూసి నీళ్ళు నమిలి తిరిగొచ్చి, ఆ గీతను చెరిపేసింది. అది పగులే. రేకు సరిపోక ఆ టీచరమ్మను బల్ల మీద రెండు గంటలు ఎక్కువ ఉంచాల్సి వచ్చింది. తప్పు బొమ్మలక్కదని ఎవరికీ తెలియలేదు. ఆమెకు తెలుసు. టీచరమ్మ చికిత్స కోసం వచ్చినప్పుడల్లా, నడవాలో ఎదురుపడి వంకర నోటితో పలకరించినప్పుడల్లా, బొమ్మలక్కకు తను చెరిపిన గీతే కనబడేది. ఇక మీదట అనుమానమొస్తే నోరు మూసుకోనని ఆమె ఏ దేవుడి ముందూ ఒట్టు పెట్టుకోలేదు. టీచరమ్మ మొహం చూసి పెట్టుకుంది, అది చాలు.

అలాంటి మనిషి చేతికి క్రేన్ డ్రైవర్ తల వచ్చింది.

ఓడల సరుకు దించే చోట పెద్ద క్రేన్ నడిపే మనిషి. గొలుసు తెగి, కొక్కెం కుడి కంటి కింద కొట్టింది. కన్ను దక్కింది కానీ, కంటిగుంత అడుగు నలిగిపోయింది. అంత ఎత్తున కూర్చుని కింద ఉన్న పెట్టె ఎంత దూరమో అంచనా కట్టి దించాలంటే రెండు కళ్ళూ ఒక్క మాట మీద ఉండాలి. ఒకటి రెండుగా కనిపించిందా, ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోనివ్వరు. ఆయనకు వేరే పని రాదు. చెయ్యాలనీ లేదు.

నలిగిన ఎముక దెబ్బకు ముందు ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? అందుకని అందరూ చేసే ఉపాయం ఒకటుంది. బాగున్న వైపును అద్దంలో చూపినట్టు తిప్పి, విరిగిన వైపు అతికించి బొమ్మ చేస్తారు. పెద్దసారు వందమందికి అలాగే చేశాడు. పెద్దసారంటే ముఖం ఎముకల విభాగానికి అధిపతి, చెయ్యి మంచిది, మాట కరుకు. క్రేన్ డ్రైవర్‌కూ అలాగే చెయ్యమని చీటీ పంపాడు. బొమ్మలక్క చేసింది. పొద్దున్న వచ్చేసరికి బొమ్మ తయారై యంత్రంలో కూర్చుని ఉంది.

బొమ్మను పైకి పంపే ముందు ఆమె ఒక పని చేస్తుంది. కళ్ళు మూసుకుని రెండు బొటనవేళ్ళూ రెండు కంటిగుంతల్లో పెట్టి నెమ్మదిగా తడుముతుంది. కన్ను అలవాటు పడి మోసపోతుంది కానీ వేలు మోసపోదని ఆమె నమ్మకం. ఆ రోజు రెండు వేళ్ళూ ఒకేసారి ఒకేలాంటి పల్లంలోకి దిగాయి. కుడి వైపు పల్లం రావడం వింత కాదు, అది ఎడమకు నకలే. కానీ ఎడమకెందుకుంది? అది బాగున్న వైపు కదా.

ఆమె స్కాన్ చిత్రాలు మళ్ళీ తెరిచింది. ఈసారి విరిగిన వైపు చూడలేదు, ఎవరూ చూడని ఎడమ వైపే చూసింది. కంటిగుంత అడుగు ఒకచోట కుంగి ఉంది. కొత్తగా విరిగిన ఎముక అంచు పెంకులా పదునుగా ఉంటుంది. ఇది అరిగిన గడపలా నున్నగా ఉంది. ఎప్పుడో విరిగి, ఎవరూ చూడక, దానంతటదే అతుక్కున్న ఎముక. బాగున్న వైపు అని అందరూ అనుకున్నది పాత దెబ్బ. ఆ పాత దెబ్బకు అచ్చు తీసి కొత్త కంటికి తొడగబోతున్నారు.

ఆమె పరుగున వార్డుకెళ్ళింది. క్రేన్ డ్రైవర్ కుడి కంటికి కట్టుతో, ఎడమ కంటితో పేపరు చదువుతున్నాడు. చిన్నప్పుడు మొహానికి ఏమైనా తగిలిందా అని అడిగితే చాలాసేపు ఆలోచించి, ఏడేళ్ళప్పుడు ఉయ్యాల పీట తగిలిందన్నాడు. వాపు తగ్గింది, బడికి వెళ్ళాడు, అంతే. పక్కనే కూర్చున్న భార్య మాత్రం తల ఊపింది.

"ఎడమ కన్ను ఇసుమంత కిందికుంటుందక్కా. మొదటిసారి చూసినప్పుడే కనిపెట్టాను. ఈయనకు ఇన్నేళ్ళూ తెలీదు."

"తెలిస్తే ఏం చేసేవాణ్ణి, పైకి జరుపుకునేవాణ్ణా?" అన్నాడాయన.

బొమ్మలక్కకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆయన రెండు కళ్ళూ ముప్పై ఏళ్ళకు పైగా ఒకటి పైనా ఒకటి కిందా ఉంటూనే రాజీపడి లోకాన్ని ఒకటిగా చూస్తున్నాయి. ఇప్పుడు కుడిది కూడా కిందికి దించితే ఆ రాజీ చెడుతుంది. దెబ్బకు ముందు తీయించిన స్కాన్ ఏదైనా ఉందా అని అడిగింది. నాలుగేళ్ళ కిందట తలనొప్పికీ ముక్కు దిబ్బడకూ తీయించారట. ఫిల్ములు పారేశారా అని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. భార్యే చెప్పింది.

"స్కాన్లు ఎవరు పారేస్తారక్కా? బీరువా మీద కవరులో ఉన్నాయి. తెమ్మంటావా?"

ఇల్లు ఊరి అవతలి చివర. వెళ్ళి రావడానికి మధ్యాహ్నం దాటుతుంది. బొమ్మను పన్నెండింటికల్లా పంపాలి. రేకు వంచి, శుద్ధి చెయ్యాలి; మరునాడు పొద్దున్నే మొదటి శస్త్రచికిత్స ఇదే. ఆమె పెద్దసారు గదికెళ్ళింది. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. ఎడమ ఎముక నాలుగు మిల్లీమీటర్ల దాకా కుంగి ఉందని చెప్పింది, పాత స్కాన్ గురించి చెప్పింది, ఒక్క రోజు అడిగింది. ఆయన నీళ్ళ చప్పుడులోనే విన్నాడు. వందమందికి చేశాననీ, నాలుగు మిల్లీమీటర్లకు శస్త్రచికిత్స గది ఖాళీ పెట్టలేననీ, ఇది వదిలితే మళ్ళీ పన్నెండు రోజులకు గానీ వరస రాదనీ, అప్పటికి ఎముక ఎలా పడితే అలా అతుక్కుంటుందనీ అన్నాడు. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం వేస్తున్నాడు, అదీ సంగతి. ఇంకెవరి కేసుతోనైనా రోజు మార్చుకోవచ్చు కదా అని ఆమె అడిగింది. అప్పుడాయన కుళాయి కట్టేశాడు.

"నీ పని బొమ్మ చెయ్యడం. మొహం చెయ్యడం నా పని."

"మొహం మీదీ కాదు సార్, నాదీ కాదు. ఆయనది."

ఆయన తువ్వాలు తీసుకుని బయటికి నడిచాడు.

సరిగ్గా పన్నెండింటికి అటెండరు బాబాయి స్టీలు పళ్ళెంతో గది ముందుకొచ్చాడు. బాబాయి అంటే ఎవరికీ బాబాయి కాడు, అందరికీ బాబాయే. తలుపు కొట్టి, బొమ్మ తెమ్మన్నారమ్మా అన్నాడు. బొమ్మలక్క దాన్ని చేతిలో పట్టుకుని నిలబడింది. "ఎడమ వైపు పాత దెబ్బ ఉంది, గమనించగలరు" అని చీటీ రాసి అంటించి పంపేయవచ్చు. రేపు ఏదైనా అయితే నేను రాశానుగా అనవచ్చు. గోడ మీద పిల్లికి ఎటు దూకినా నష్టం లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని లోకం ఊరికే అనలేదు. కానీ ఆమెకు టీచరమ్మ వంకర నోరు కళ్ళ ముందు మెదిలింది. వెంటనే కోపం వచ్చింది. పెద్దసారు మీద కాదు, పదేళ్ళ కిందట నీళ్ళు నమిలి మెట్లు దిగిన తన మీద.

బొమ్మను నేలకేసి కొట్టింది.

అది పగల్లేదు. ప్లాస్టిక్ కదా, బంతిలా ఎగిరి బల్ల కింద దూరింది. బాబాయి పళ్ళెం గుండెలకు హత్తుకుని వెనక్కి తగ్గాడు. ఆమె మోకాళ్ళ మీద వంగి, బల్ల కింద నుంచి దాన్ని లాగి, నేల మీద పెట్టి, ఇనుప స్టూలు ఎత్తి దాని కాలితో మూడుసార్లు కొట్టింది. మూడో దెబ్బకు రెండు కంటిగుంతలూ చీలిపోయాయి. ఆమె ముక్కలన్నీ ఏరి పళ్ళెంలో వేసింది.

"ఇదే ఇవ్వు బాబాయ్. నేనే పగలగొట్టానని చెప్పు."

పెద్దసారు ఎప్పుడూ కింది అంతస్తుకు రాడు. ఆ రోజు వచ్చాడు. ఏమేమి అన్నాడో ఇక్కడ రాయడం అనవసరం. గొంతు మెట్ల దాకా వినబడింది. ఆమె తలుపు దగ్గర కదలకుండా నిలబడి అంతా విన్నది. భయపడలేదంటే అబద్ధం, బాగా భయపడింది. కానీ దారి ఇవ్వలేదు. ఆయన అలిసి ఆగాక, ఇప్పుడు బొమ్మ లేదనీ, రేపు పొద్దున కళ్ళకు గంతలు కట్టుకుని చేస్తారా, రేపు మధ్యాహ్నం దాకా ఆగుతారా అది మీ ఇష్టమనీ చెప్పింది. మళ్ళీ అదే బొమ్మ తీయాలన్నా యంత్రానికి తొమ్మిది గంటలు పడుతుంది, ఆ రాత్రివేళ రేకు శుద్ధి చేసేవాళ్ళుండరు. చచ్చినట్టు ఆగాలి. ఆయన పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి ఇంకో కేసుతో వరస మార్చాడు.

క్రేన్ డ్రైవర్ భార్య కవరు తెచ్చింది. పైన దుమ్ము, లోపల ఐదు ఫిల్ములు, ఒక పాత కరెంటు బిల్లు. బొమ్మలక్క ఫిల్ములను వెలుతురు పలక మీద పెట్టి ఫొటోలు తీసి, మూడు మిల్లీమీటర్లకొకటి చొప్పున ఉన్న ఆ చిత్రాల్లో కుడి కంటిగుంత అంచును చేత్తో గీసుకుంటూ పోయింది. మీట నొక్కే పని ఒక్కటీ లేదు. అమ్మ పాత చొక్కా కుట్లు విప్పి దాని మీద కొత్త గుడ్డ కత్తిరించినట్టు, పాత కొలతను కొత్త ఎముక మీదికి తెచ్చింది. దెబ్బకు ముందున్న కుడి కంటిగుంత తెర మీద లేచింది. ఎడమదానికంటే నాలుగు మిల్లీమీటర్లు పైన. సాయంత్రం యంత్రాన్ని నడిపించి ఇంటికెళ్ళింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదని అమ్మకు చెప్పింది. అమ్మ మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఒక్కటే అడిగింది.

"రెండు వైపులా కొలిచావా?"

"కొలిచానమ్మా."

"అయితే అన్నం తిను."

మరునాడు కొత్త బొమ్మ పైకి వెళ్ళింది. పెద్దసారు కొత్తదాన్ని ఒక చేతిలో, పాతదాని ముక్కను ఇంకో చేతిలో పట్టుకుని చాలాసేపు బొటనవేలితో తడిమాడట. బాబాయి చూసి చెప్పిన మాట. రేకు కొత్తదాని మీదే వంచాడు.

వారం తర్వాత విచారణ. సూపరింటెండెంట్ మేడమ్, పెద్దసారు, ఎదురుగా బొమ్మలక్క. మేడమ్ మంచి మనిషే. ఆసుపత్రి వస్తువును పగలగొట్టడం, పై అధికారి మాట మీరడం, రెండూ చిన్న తప్పులు కావని చెప్పింది. తర్వాత కాగితం, కలం ఇటు జరిపి గొంతు తగ్గించింది.

"రోగి బాగున్నాడు. గొడవ పెంచొద్దు. చేయి జారి పడిందని రెండు ముక్కలు రాసివ్వు. ఇక్కడితో వదిలేద్దాం."

పెద్దసారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయనకూ అదే కావాలని తెలుస్తూనే ఉంది. చేయి జారిందంటే ఎవరిదీ తప్పు లేదు. పెద్దసారు ఎముక చూడలేదనీ ఉండదు, ఆమె ఎదురు తిరిగిందనీ ఉండదు. రేపు ఇంకొకరి తల వస్తుంది, బాగున్న వైపును ఎవరూ చూడరు, అద్దంలో తిప్పి పంపిస్తారు. అంతా సుఖం. బొమ్మలక్క కలం తీసుకుంది.

"మూడుసార్లు కొట్టాను మేడమ్. చేయి ఒకసారి జారుతుంది, మూడుసార్లు జారదు. బాబాయి సాక్షి."

రాసింది ఇది: "చేయి జారలేదు. బొమ్మ తప్పని తెలిసి, చెప్పినా వినలేదు కనుక, కావాలనే పగలగొట్టాను. అద్దంలో తిప్పే ముందు బాగున్న వైపును కూడా కొలవాలని నియమం పెట్టండి. పెట్టకపోతే మళ్ళీ పగలగొడతాను." కింద సంతకం, తేదీ. మేడమ్ చదివి తల పట్టుకుంది. కాగితం పెద్దసారు ముందుకు జరిపింది. ఆయన చదివాడు. చివరి వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. అభ్యంతరం లేదని మాత్రం అన్నాడు. దేనికి అభ్యంతరం లేదో మేడమ్ అడగలేదు.

శిక్ష వేశారు. మూడు నెలలు కింది గదికి తాళం, ఆమెకు స్కాన్ ఫిల్ములు ఇచ్చే కౌంటరు. చీటీ చూడటం, కవరు వెతకడం, కిటికీలోంచి అందించడం. ఎగతాళి చేసేవాళ్ళకు మళ్ళీ పండగొచ్చినట్టయింది. ఆమె కౌంటరు అద్దానికి కాగితం అంటించింది: "బొమ్మలక్క మూడు నెలలు ఇక్కడ ఉంటుంది." నెల తిరక్కుండానే బొమ్మల కోసం పంపే చీటీల నమూనా మారింది. కింద ఒక గడి కొత్తగా చేరింది: రెండు వైపులా కొలిచారా? ఎవరు పెట్టించారో ఎవరూ చెప్పలేదు. ఆమె ఒక ఖాళీ చీటీ తీసి ఇంటికి తీసుకెళ్ళి అమ్మకు చూపించింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఇన్నాళ్ళూ కొలవకుండానే చేశారా అని ఆసుపత్రి మొత్తాన్ని తిట్టింది.

రెండో నెలలో ఒక పొద్దున కౌంటరు ముందు క్రేన్ డ్రైవర్ నిలబడ్డాడు. కట్టు లేదు. కుడి కంటి కింద సన్నటి మచ్చ. ఎడమ కన్ను ఎప్పటిలాగే ఇసుమంత కింద. వెనక భార్య. బొమ్మలక్క ఆయన కవరు వెతికి తెచ్చింది కానీ, వెంటనే ఇవ్వలేదు. ఒకటి రెండుగా కనిపించేవాళ్ళు చెయ్యి చాస్తే అది వస్తువు పక్కకు పోతుంది. ఆమె కవరును కిటికీలోంచి సగం బయటికి పెట్టి, గాలిలో కాస్త పక్కకు పట్టుకుని ఊరుకుంది.

ఆయన చెయ్యి చాచాడు. తడబడలేదు, వెతకలేదు. కవరు అంచు సరిగ్గా వేళ్ళ మధ్యకు వచ్చింది.

"సోమవారం నుంచి క్రేన్ ఎక్కుతున్నానక్కా," అన్నాడు. తర్వాత కాస్త వంగి, కిటికీలోంచి ఆమె మొహంలోకి చూశాడు. "నా మొహం పగలగొట్టింది మీరేనట కదా. పొరపాటున చేయి జారిందా?"

"లేదు," అంది బొమ్మలక్క. "జారలేదు."